రెండో కొక్కెం

నరసరావుపేట,
అక్టోబర్ 3.

గౌరవనీయులైన రాజారత్నం మాస్టారికి,

అల్ఫియా సలాం. మీకు నేను తెలియదు. ఇక్కడి కోర్టులో లాయర్ని. తెల్లవాళ్ల కాలంలో స్టేషన్ రోడ్డులో హోటల్ పెట్టి, తర్వాత ఎమ్మెల్యే అయిన మౌలాలీ సాహెబ్ మా ముత్తాత. ఆయన ఆఖరి కూతురు ఖైరున్నీసా మా నానీ, మా అమ్మను కన్నతల్లి.

మీకు ఫోన్ చేస్తే మీ మనవరాలు నిస్సీ ఎత్తింది. "తాతయ్యకు చెవులు పోయినయి, కళ్లు బాగానే ఉన్నయి. ఉత్తరం రాయండి. జవాబు తప్పకుండా ఇస్తాడు. అది మీకు నచ్చుద్దో లేదో నేను చెప్పలేను" అంది. అందుకే రాస్తున్నాను.

కోర్టు రోడ్డు మలుపులో ముత్తాత కంచు విగ్రహం పెడుతున్నాం. నవంబర్ ఆఖరి ఆదివారం ఆవిష్కరణ. కమిటీకి అధ్యక్షులు నాగార్జునగారు, మీ వైపు పెద్ద కామందు త్రికోటేశ్వరరావుగారి మనవడు. కంచు ఖర్చంతా ఆయనే పెట్టుకున్నారు. అదే రోజు ముత్తాత జీవితం మీద చిన్న పుస్తకం వస్తుంది. అది నేను రాస్తున్నాను. ఆయన హోటల్లో తిని, ఆయన్ని కళ్లారా చూసినవాళ్లలో ఇంకా ఉన్నది మీరొక్కరే అని తెలిసింది. ఒక పేజీ రాసివ్వండి చాలు.

ఆ హోటల్ ముందు భాగం ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. వెనక గది నా ఆఫీసు. ఆనాటి ఇనప కొక్కేలు గోడకు ఇంకా ఉన్నాయి. నా నల్లకోటు వాటికే తగిలిస్తాను.

కమిటీ కరపత్రం, విగ్రహం ఫొటో జత చేస్తున్నాను. కుడిచేతిలో ఉన్నది ముత్తాత జీవితాంతం వదలని కర్ర. అసెంబ్లీకి కూడా దానితోనే వెళ్లేవారట. అసలు కర్ర మా ఇంట్లోనే ఉంది. శిల్పి దాన్ని పక్కన పెట్టుకుని, కట్టుకు కట్టు సరిచూసుకుని అచ్చు పోశాడు.

మీ పేజీ కోసం ఎదురుచూస్తూ,
అల్ఫియా


మాచవరం,
అక్టోబర్ 9.

అమ్మాయి అల్ఫియాకు,

నీ ఉత్తరంలో తప్పులు లేవు. ఈ రోజుల్లో అంతమాత్రానికే జవాబు ఇవ్వాలనిపిస్తుంది.

మీ కరపత్రం చదివాను. మౌలాలీ హోటలు "పల్నాటి చాపకూడు మళ్లీ పుట్టిన చోటు" అట. ఆ ముక్క రాసిన కవి ఎవరో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నా దగ్గరే రెండుసార్లు తప్పాడు. పాత రోములో పాలకుడు మారితే కొన్ని విగ్రహాలకు ఒళ్లు ఉంచి, తల మాత్రం మళ్లీ చెక్కేవాళ్లని చదివాను. మీరు ఆ కష్టం కూడా పడలేదు. తల అదే, ఒళ్లు అదే, కథ ఒక్కటి మార్చుకున్నారు.

ఒక పేజీ అడిగావు. రాస్తాను. అచ్చు వేసే ధైర్యం నీది.

నేను ఆ హోటల్లో తిన్నమాట నిజం. మా నాన్న బెంజిమిన్ కోర్టు వాయిదాకు పేటకు పోయేటప్పుడు, బడి లేకపోతే నన్నూ తీసుకెళ్లేవాడు. మాలాంటివాళ్లను లోపల బల్ల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టే హోటలు ఊరు మొత్తానికి అదొక్కటే, అందుకని మేమక్కడికి వెళ్లేవాళ్లం. మాంసం కూర బాగుంటుందని కామందుల మనుషులూ అక్కడికే వచ్చేవాళ్లు. వాయిదా రోజున ఒకే దావాలో తలపడుతున్న రెండు పక్షాలూ ఒకే కప్పు కింద తినేవి. అదెలా సాధ్యమయ్యేదో మీ కరపత్రంలో లేదు. చెబుతాను. గల్లా పక్క గోడకు కొక్కేలు. కర్ర, గొడ్డలి, ఏదున్నా అక్కడ తగిలించాకే కూర్చోవాలి. "కర్ర గోడకు, నువ్వు బల్లకు" అనేవాడు మౌలాలీ. తిన్నాక ఒక పక్షానికి కర్రలిచ్చి బస్సెక్కించేవాడు. ఆ బస్సు కనుమరుగయ్యాకే రెండో పక్షానికి ఇచ్చేవాడు. ఆ పద్ధతిలో నేను తప్పు పట్టను. మీ ముత్తాత మంచి వంటవాడు, మంచి కాపలాదారు. ఎలక్షన్లో నిలబడేదాకా.

యాభై ఒకటి చివర. మా పల్లె పక్క వాగు ఒడ్డున బంజరు ఉండేది. మావాళ్లు తుప్పలు కొట్టి, రాళ్లు ఏరి సాగులోకి తెచ్చారు. పైరు కళ్లబడగానే త్రికోటేశ్వరరావు అది తనదన్నాడు. దావా నడిచింది. మా పక్షానికి మా నాన్నే పెద్ద. మౌలాలీ ఎమ్మెల్యేకు నిలబడ్డాడు. త్రికోటేశ్వరరావు చేతిలో పదిహేను ఊళ్ల ఓట్లు ఉన్నాయి.

ఎలక్షన్ ముందు వచ్చిన వాయిదాకు బడి ఉండి నేను వెళ్లలేదు. ఆ రోజు సాయంత్రం మా నాన్న పిడుగురాళ్లలో బస్సు దిగి నడిచి వస్తుంటే, వాగు దగ్గర ఆపి చంపేశారు. కూడా ఉన్నవాళ్లు పరిగెత్తి బతికారు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారని సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు. మా నాన్న చేతిలో కర్ర లేదు. అది లేకుండా పెరట్లోకి కూడా పోని మనిషి. నెల తిరక్కుండా మౌలాలీ ఆ పదిహేను ఊళ్ల ఓట్లతో గెలిచాడు. బంజరు మొత్తం కామందు కింద పడింది.

ఆ కర్ర ఏమైందో డెబ్భై ఏళ్లుగా నాకు తెలియదు. నీ ఫొటో చూశాక తెలిసింది.

మీ ఇంట్లో ఉన్న కర్ర తీసి చూడు. వెదురు. మూడు ఇత్తడి కట్లు. మూడో కట్టు కింద, కాల్చిన ఇనుముతో పెట్టిన చిన్న సిలువ ఉంటుంది. మా నాన్న పెడుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ గుర్తు ఉంటే, మీ ముత్తాత అసెంబ్లీలో పట్టుకు తిరిగింది చచ్చినవాడి కర్ర.

రెండు పనులు చెయ్యి. విగ్రహం చేతిలోంచి ఆ కర్ర తీయించు. పుస్తకంలో ఈ ఒక్క వాక్యం వెయ్యి: "మౌలాలీ ఆ రోజు కామందు మనుషులకు కర్రలిచ్చి, బెంజిమిన్ కర్ర అట్టే పెట్టుకుని, అతన్ని ఉత్త చేతులతో బస్సెక్కించాడు." వెయ్యకపోతే ఆ ఆదివారం నేను పేటకు వస్తాను. నాకు చెవులే పోయాయి, గొంతు పోలేదు.

మొహమాటం లేని,
రాజారత్నం


నరసరావుపేట,
అక్టోబర్ 17.

పూజ్యులు మాస్టారికి,

గుర్తు ఉంది.

మూడో కట్టు కింద, నూనె మరకల మధ్య, నా చిటికెన వేలి గోరంత సిలువ. చిన్నప్పుడు ఆ కర్రతో గుర్రం ఆట ఆడుకున్నాను. అది నా వేళ్లకు ఎన్నిసార్లు తగిలిందో, ఒక్కసారీ చూడలేదు.

అయితే మాస్టారూ, నేను లాయర్ని. కర్ర మీ నాన్నగారిదని గుర్తు చెబుతుంది. దాన్ని ముత్తాత ఆపి ఉంచాడని చెప్పదు. మీరిచ్చిన వాక్యం మీరు చూసింది కాదు, ఊహించింది. అది నిజమని తేలితే నేనే అచ్చు వేస్తాను. తేలకుండా వెయ్యను.

మా మామయ్య ఈ ఊసే ఎత్తొద్దంటున్నాడు. నాగార్జునగారికి మీ ఉత్తరం సంగతి ఆయనే చేరవేశాడని నా అనుమానం. విగ్రహం తయారై లారీ షెడ్డులో ఉంది. ఇంట్లో నాతో సరిగా మాట్లాడేది ఇప్పుడు నానీ ఒక్కతే. మనిషి మంచంలో ఉన్నా మాట గట్టిగానే ఉంది. హోటల్ రోజుల్లో గల్లా వెనక గోనెపట్టా తెర ఉండేదట, దాని వెనక కూర్చుని ఉల్లిపాయలు తరిగేదట. ఆమెను అడుగుతాను. ఒంట్లో బాగున్న రోజు చూసి అడగాలి. కొంచెం ఓపిక పట్టండి.

మీ కోపాన్ని గౌరవించే,
అల్ఫియా


మాచవరం,
అక్టోబర్ 28.

అల్ఫియాకు,

నీ ఓపిక సంగతి తర్వాత. ముందు ఇది విను.

నిన్న నాగార్జున మా ఇంటికి వచ్చాడు. తెల్ల కారు, వెనక ఇంకో కారు. బుట్టెడు ఆపిల్ పళ్లు, శాలువా. నాకు వినపడదు గనక నిస్సీ అతని మాటలు పలక మీద రాసి చూపించింది. ఆ పిల్ల చేతిరాతలో చదివితే అతని మర్యాదంతా సుద్దపొడిలా రాలింది.

"మాస్టారూ, పాతయ్యన్నీ తవ్వితే ఏమొస్తది? మీరు స్టేజీ మీద ముందు కుర్చీలో కూర్చోండి. శాలువా నేనే కప్పుతా."

"మీ తాత మా నాన్నకు కప్పిన గుడ్డ చాల్లే నాయనా" అన్నాను.

నవ్వాడు. నాయకుడికి ఆ నవ్వు జీతం లేని నౌకరు, ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తుంది. "అయినా ఈ వయసులో అంత దూరం పెయాణం మీకెందుకండీ? రోడ్డు కూడా చానా అధ్వానంగా ఉంది" అన్నాడు. నిస్సీ ఆ ముక్క రాయడానికి ఒక్క క్షణం ఆగింది. రాశాక నా ముఖం వైపు చూడలేదు.

"ఆ రోడ్డు సంగతి మాకు కొత్తేం కాదు. మా నాన్న వచ్చిన రోడ్డే గదా" అన్నాను.

నవ్వు అప్పుడు పోయింది. శాలువా అరుగు మీద వదిలేసి వెళ్లాడు. మంచుకు మా మేక వణుకుతుంటే దానికి కప్పాను. అది కూడా కాసేపు మోసి, నమిలేసింది.

ఇప్పుడు నీ లాయరు మాట. తేలాలి అంటున్నావు. దేన్ని తేల్చాలి? మా నాన్న ఎలాంటి మనిషో తెలిస్తే అదే తేలుతుంది. సగం ఇస్తాను తీసుకో అని కామందు ఎన్నిసార్లు కబురు చేశాడో మా అమ్మ చెప్పేది. ఒక్కసారీ ఒప్పుకోలేదట. రాజీ పడి ఉంటే బతికేవాడు. పడలేదు. ఆయన కొడుకును గనక నేనూ ఎవరితోనూ పడలేదు. మా తమ్ముడు పెద్దవాడయ్యాక ఆ కామందుల దూది మిల్లులోనే గుమాస్తాగా చేరాడు. పిల్లలున్నారు అన్నయ్యా అన్నాడు. నలభై ఏళ్లు వాడితో మాట్లాడలేదు. వాణ్ణి పూడ్చిపెట్టిన రోజు మా ఇంటి తలుపు వేసుకుని పుస్తకం చదువుకున్నాను. నన్ను రాయి అన్నారు. మా నాన్న పోలిక అని నేను సంతోషించాను.

అలాంటి మనిషి చేతిలోంచి కర్ర ఊరికే జారుతుందా? ఎవరో ఆపితేనే ఆగింది. ఆ ఎవరో మీ ముత్తాత. మీ నానీ ఏం చెప్పినా అది కూతురి మాట అవుతుంది. నవంబర్ సగానికి వచ్చేలోగా నాకు తేల్చి చెప్పు.

రాజీ ఎరగని,
రాజారత్నం


నరసరావుపేట,
నవంబర్ 11.

పెద్దాయనకు, మా ఇంటి మనిషికి రాసినట్టే రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక పొడుగాటి మూట వస్తుంది. తెచ్చేది జిలానీ, మా వీధి ఆటో మెకానిక్. ముందు ఉత్తరం చదవండి, తర్వాత మూట విప్పండి.

నానీ చెప్పింది. నేను అడగ్గానే ఆమె అన్న మొదటి మాట ఇది: "ఇన్నేళ్లకు అడుగుతున్నారేందే? తెర వెనకాల ఉన్నదానికి చెవులుండవనుకున్నారా?"

ఆమె మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. కొన్ని మిమ్మల్ని బాధపెడతాయి, కొన్ని నన్ను. మీకు తగిలేవి దాచిపెట్టి నాకు తగిలేవే రాయలేను, నాకు తగిలేవి దాచి మీవీ రాయలేను.

త్రికోటేశ్వరరావుగారు ఎప్పుడొచ్చినా హోటల్ లోపలికి అడుగు పెట్టేవాడు కాదట. బయట బెంచీ మీద గోళీసోడా తాగేవాడు, మనుషులు లోపల తినేవాళ్లు. ఆ రోజు మాత్రం లోపలికి వచ్చాడు. వెండి పొన్ను తొడిగిన తన కర్రను తానే కొక్కేనికి తగిలించి, రెండు వైపుల మనుషులూ తిని బయటికి వెళ్లాక మీ నాన్నగారికి ఎదురుగా కూర్చున్నాడు. ముత్తాత ఇద్దరికీ తన చేత్తో చాయ్ పోశాడు. వాగు వైపు సగం కామందుకు, పై సగం మీవాళ్లకు. వచ్చే వాయిదాకు కోర్టులో రాసుకోవాలని మాట.

మీ నాన్నగారు ఒప్పుకున్నారు మాస్టారూ.

నానీ మాట: "బెంజిమిన్ మామ నవ్వాడే. నవ్వి, సాయెబూ, సగం నేల చేతికొస్తే పిల్లోళ్లు తింటారు, మొత్తం నేల కోర్టులో ఉంటే ప్లీడర్లు తింటారు అన్నాడు. మావోడు చదువుకుంటున్నాడు, ఆడి చేతికి ఈ కర్ర రాగూడదు అన్నాడు. అది నేను మర్చిపోలా."

ఆ హోటల్లో మీరు రాసిన పద్ధతి కాక ఇంకొకటి కూడా ఉండేదట. రాజీ కుదిరితే రెండు పక్షాల పెద్దలూ తమ కర్రలు కొక్కేలకే వదిలేసి ఉత్త చేతులతో ఇంటికి పోవాలి. కోర్టులో రాతపూర్వకంగా అయ్యేదాకా కర్రలు అక్కడే. అప్పటిదాకా ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు, ఊళ్లో తెలిస్తే చెడగొట్టేవాళ్లు పుడతారని. ఎవరైనా మాట తప్పితే ముత్తాత అతని కర్ర తిరిగి ఇవ్వడు. దాన్ని కోర్టు ముందు పదిమందిలో పైకెత్తి చూపిస్తాడు. కాగితం లేని జామీను అది. దానివల్లే పల్నాడంతా ఆయన మాట వినేది, దానివల్లే ఆయన ఎలక్షన్లో నిలబడగలిగాడు.

కాబట్టి మీ నాన్నగారి కర్రను ఎవరూ ఆపలేదు. ఆయనే వదిలి వెళ్లారు. కామందు కూడా వదిలాడు. వాగు దగ్గర కాచుకున్నవాళ్లకు వేరే కర్రలు ఉన్నాయి, అంతే.

ఇక్కడితో ఆగిపోతే మా ముత్తాత మంచివాడైపోతాడు. నేనూ ఇక్కడే ఆగమన్నాను. నానీ ఆగలేదు.

"మర్నాడు పొద్దున కామందు మనిషొచ్చాడు, ఎండి కర్ర ఇమ్మన్నాడు. అప్పటికే కబురొచ్చింది, ఊరంతా అదే మాట. మా అబ్బా అరుస్తాడు, ఆ కర్ర తీసకపోయి కోర్టు ముందు ఎత్తుతాడు అనుకున్నా. కొక్కెం మీంచి తీసి, తువాలుతో తుడిచి, ఆడి చేతికిచ్చాడు. ఎందుకిచ్చావు అబ్బా అన్నా. చెంప పగిలిపోయింది. నన్ను ఆయన కొట్టింది ఆ ఒక్కసారే."

ఆ కర్ర చేతులు మారడంతోటే రాజీ జరిగిన గుర్తు పోయింది. మీవాళ్లకు రావలసిన సగం కూడా పోయింది. ముత్తాతకు పదిహేను ఊళ్లు వచ్చాయి.

మరి మీ నాన్నగారి కర్రను జీవితమంతా ఎందుకు పట్టుకు తిరిగాడని అడిగాను. పశ్చాత్తాపం అంటుందేమోనని ఆశపడ్డాను. నానీ నన్ను జాలిగా చూసింది. "గోడకుంటే, రెండోదేదీ అని ఎవడో ఒకడు అడుగుతాడే. చేతిలో ఉంటే ఎవడడుగుతాడు?"

ఇదీ జరిగింది. కర్ర మీది, పంపిస్తున్నాను. పుస్తకంలో వేస్తే మొత్తం వేస్తాను. మీ నాన్నగారు రాజీ పడ్డారన్నదీ, మా ముత్తాత కర్ర తిరిగిచ్చేశాడన్నదీ, రెండూ. ఒకటి తీసేసి ఇంకొకటి వెయ్యను. మీ నాన్నగారి మాట బయటకు రావడం మీకు ఇష్టం లేకపోతే పుస్తకమే ఆపేస్తాను. నాగార్జునగారికి ఇదే చెప్పాను. "మా తాత పేరు అచ్చులో కనబడితే నీ ఆఫీసు ముందు కేసుల పార్టీలు నిలబడవు చూసుకో" అన్నారు.

ప్రెస్‌వాడు ఇరవయ్యో తారీఖు దాకా ఆగుతానన్నాడు. నిర్ణయం మీదే.

క్షమించమని అడగడానికి కూడా జంకుతూ,
అల్ఫియా


నరసరావుపేట,
నవంబర్ 18.

మాస్టారూ,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. నిస్సీకి ఫోన్ చేస్తే "తాతయ్య అన్నం తింటున్నాడు గానీ మాట్లాడటంలా. మొన్న ఆటో పిలిపించుకుని నన్నెక్కించుకుని పొలాల వైపు పోయొచ్చాడు. ఎందుకో చెప్పలా" అంది. జిలానీ చెప్పింది ఇంకా భయపెట్టింది. మీరు మూట విప్పి, సిలువ మీద బొటనవేలు పెట్టి, "ముసలిది అబద్ధాలకోరు" అని తలుపు వేసేశారట.

నానీకి ఆ మాట చెప్పాను. కోప్పడలేదు. "నా మాట నమ్మితే ఆయన డెబ్భై ఏళ్ల కోపం ఎక్కడ పెట్టుకుంటాడే?" అంది.

నాగార్జునగారు కమిటీకి రాజీనామా ఇచ్చారు. రాత్రికి రాత్రే ఫ్లెక్సీల్లో ఆయన బొమ్మ ఉన్నచోట ఖాళీ వదిలారు. విగ్రహాన్ని బార్ అసోసియేషన్ వాళ్లు పెడతామన్నారు. మా మామయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నా ఆఫీసు తాళంలో ఎవరో మైనం కూరి పోయారు. జిలానీ వచ్చి తీశాడు.

ఇవన్నీ మీ మీద ఒత్తిడి పెట్టడానికి రాయడం లేదు. మీ ఒక్క మాట కోసం పుస్తకం ఆగి ఉంది, అంతే. వెయ్యమన్నా సరే, వద్దన్నా సరే.

మీ మాట మీద నిలబడే,
అల్ఫియా


మాచవరం,
నవంబర్ 19.

చిట్టితల్లీ అల్ఫియా,

నీ ఉత్తరం తెచ్చిన జిలానీకే ఇదీ ఇచ్చి పంపుతున్నాను. పోస్టును నమ్మి నీ ప్రెస్‌వాడి గడువు దాటించలేను.

మీ నానీని అబద్ధాలకోరు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె చెబుతున్నది తప్పని రుజువు చెయ్యాలనే పొలం వైపు వెళ్లాను. నా బతుకులో నేను ఓడిపోవడానికి ఆటో బాడుగ ఇచ్చుకుని వెళ్లింది అదొక్కసారే.

మా నాన్న పోకముందు ఆదివారం. ప్రార్థన అయి ఇంటికొచ్చాక చొక్కా విప్పి, బంజరు మధ్యలో గుంటలు తవ్వి రాళ్లు పాతాడు. నేను నీళ్లు పట్టుకెళ్లాను. "ఎందుకు నాన్నా?" అంటే "నాగలికి గుర్తు" అన్నాడు. నాగలికి గుర్తు పొలం నట్టనడుమ ఎందుకు ఉంటుందో నేను అప్పుడూ ఆలోచించలేదు, ఇన్నేళ్లలోనూ ఆలోచించలేదు. చరిత్ర పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఎక్కడెక్కడి సరిహద్దులో పిల్లల చేత బట్టీ పట్టించాను.

కామందులు దున్నేటప్పుడు ఆ రాళ్లన్నీ పీకేశారు. ఒకటి మిగిలింది. ఎవరో కూలితల్లి, పిల్ల జ్వరం తగ్గిందని దానికి పసుపు రాసి బొట్టు పెట్టిందట. ఆ తర్వాత దాన్ని పీకడానికి ఏ పాలేరూ ఒప్పుకోలేదట. క్రైస్తవుడు పాతిన గట్టురాయి ఇప్పుడక్కడ అమ్మవారు. ముందర కొబ్బరిచిప్పలు ఉన్నాయి. నిస్సీ చెయ్యి పట్టుకుని దాని పక్కన నిలబడి అటూ ఇటూ చూశాను. వాగు వైపు ఎంతో, మెరక వైపు అంతే. సరిగ్గా సగం. వాయిదాకు వెళ్లకముందే ఆయన మనసులో రాజీ అయిపోయింది.

నాకు చెప్పలేదు. చెప్పకూడదని మీ ముత్తాత పెట్టిన షరతు అట. నన్ను పెంచింది ఆ షరతే. రాజీ పడని తండ్రిని ఒకణ్ణి నేనే కల్పించుకుని, ఆయన పోలికలో నన్ను చెక్కుకున్నాను. తమ్ముడి సమాధి మా చర్చి వెనకే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో అక్కడ ఆపించాను. ఇంతకంటే నన్ను అడగొద్దు.

ఇక పుస్తకం. వెయ్యి. నేను మొదట ఇచ్చిన వాక్యం కొట్టెయ్యి. దాని బదులు ఇవి వెయ్యి, ఒక్క అక్షరం మార్చకుండా:

"బెంజిమిన్ రాజీ పడ్డాడు. త్రికోటేశ్వరరావు మాట తప్పాడు. జామీను నిలబడిన మౌలాలీ, మాట తప్పినవాడి కర్రను తుడిచి వాడికే ఇచ్చాడు."

మీ ముత్తాతను క్షమించానని ఎక్కడా రాయొద్దు. క్షమించలేదు. హోటల్ నడిపినంతకాలం ఆయన దగ్గర ఓ న్యాయం ఉంది. ఓటు అడగడం మొదలుపెట్టిన నెలలోనే దాన్ని అమ్ముకున్నాడు. అమ్మింది మా నాన్నను కాదు, తన గోడను. నా దృష్టిలో అది ఇంకా పెద్ద నేరం. ఆ గోడను నమ్మి ఎంతమంది కర్రలు వదిలి ఇళ్లకు పోయారో!

అయినా విగ్రహం చేతిలో కర్ర ఉండనివ్వు, తీయించొద్దు. మీ నానీ నూటికి నూరుపాళ్లు సరిగ్గా చెప్పింది. చేతిలో ఉంటే ఎవరూ అడగరు. పుస్తకం చదివినవాళ్లు మాత్రం అడుగుతారు. ఎండలో, వానలో, ఆయన అలాగే పట్టుకుని నిలబడాలి.

ఆదివారం నేను వస్తున్నాను. స్టేజీ మీదికి రాను, మైకు ముట్టుకోను. సభ అయ్యాక నీ ఆఫీసుకు వస్తాను. నీ నల్లకోటు ఇంకెక్కడైనా తగిలించుకుని, పక్కపక్కన ఉన్న రెండు కొక్కేలు ఖాళీ చేసి పెట్టు. తుప్పు గీకించకు. ఒకదానికి మా నాన్న కర్ర నా చేత్తో తగిలిస్తాను. అది నా చేతికి రాకూడదని ఆయన అన్నాడు. ఈ వారం రోజులూ వచ్చింది, చాలు.

రెండో కొక్కెం ఖాళీగా ఉంచు. దానికి ఏదీ తగిలించకు, గొడుగు కూడా. నాగార్జున ఇంట్లో అద్దాల బీరువాలో వెండి పొన్ను కర్ర ఒకటి ఉందని, తాతగారిదని గొప్పగా చూపిస్తాడని విన్నాను. అతనికి నా పేరు మీద కబురు పెట్టు. దాన్ని తెచ్చి తన చేత్తో అక్కడ తగిలిస్తే, అతని పక్కన కూర్చుని అన్నం తింటాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నేనే అనుకోలేదు. తేకపోతే మరేం ఫరవాలేదు. నీ దగ్గరికి దావాలు పట్టుకొచ్చే ప్రతి మనిషీ ఆ గోడ కేసి చూస్తాడు. రెండోదేదీ అని అడుగుతాడు. నువ్వు చెప్పు. రోజూ చెప్పు.

మీ నానీకి నా నమస్కారం. ఆమె చెవులకు కూడా.

తిరిగి వెళ్లేటప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. బస్టాండు దాకా నువ్వు రా. మెట్టు ఎత్తుగా ఉంటుంది, ఆ ఒక్కచోట చెయ్యి అందించు. ఆ తర్వాత రోడ్డు నేను చూసుకుంటాను.

బెంజిమిన్ కొడుకు,
రాజారత్నం